బైబిలు వాక్యం చదివాక మౌనంగా కూర్చోలేకపోతున్నాను, ఏం చేయాలి?

రోజూ ఉదయం 5:30కు అరగంట ఏకాంత ప్రార్థనకు కూర్చుంటున్నాను. ప్రస్తుతం 119వ కీర్తన ధ్యానిస్తున్నాను. 176 వచనాలున్నా, ఎనిమిదేసి చొప్పున 22 భాగాలుగా ఉంది కాబట్టి రోజుకొక భాగం చక్కగా సరిపోతుంది. చదవడం వరకు ఏ ఇబ్బందీ లేదు. చివరి విజ్ఞాపన ప్రార్థన కూడా సాఫీగానే సాగుతుంది. అడగడానికి మనకు మాటలు ఎప్పుడు తక్కువయ్యాయి గనుక!

చిక్కంతా ఆ రెండింటి మధ్య పది నిమిషాల మౌనంతోనే. కళ్లు మూసుకున్న రెండు మూడు నిమిషాలకే ఆఫీసులో పంపాల్సిన లెక్కలు, నిన్న ఎవరో అన్న మాట, కట్టాల్సిన బిల్లు వరుసకడతాయి. తోసేయాలని చూస్తే మరింత బలంగా వస్తాయి. నిద్రమత్తు మాత్రం కాదు.

గుర్తొచ్చిన పనులను కాగితం మీద రాసి పక్కన పెట్టి చూశాను. ధ్యానం పోయి పనుల జాబితా మిగిలింది. ఒకే వచనాన్ని మెల్లగా పలుకుతూ కూర్చుంటే, కాసేపటికి పెదవులు కదులుతుంటాయి, మనసు అక్కడ ఉండదు. రాత్రికి మార్చితే కునుకు పట్టింది. ఉపవాసం ఉన్న రోజు తలనొప్పి తప్ప తేడా ఏమీ కనిపించలేదు. "ఇంకా ఎక్కువ ప్రార్థించు" అన్న సలహా ఇప్పటికే చాలాసార్లు విన్నాను, దయచేసి అది వద్దు.

మౌనధ్యానం అలవాటున్నవారు చెప్పండి: మనసు పక్కకు పోయిందని గమనించిన క్షణంలో మీరు ఆ ఆలోచననే ప్రార్థనగా మార్చుకుంటారా, లేక దాన్ని వదిలేసి మళ్లీ వచనం దగ్గరికి వస్తారా?