పాప కంట్లో నల్లపాప కిందికి జారినట్టు ఉంది, ఐరిస్ కొలొబోమా (నల్లపాప చుట్టూ ఉండే రంగు భాగం ఐరిస్, దాంట్లో సందు) అంటున్నారు, తెలిసినోళ్ళు చెప్పండి

ప్రొద్దుటూరు అమ్మ:
అందరికీ నమస్తే. మా పాపకి 8 నెలలు. ఎడమ కంట్లో నల్లపాప గుండ్రంగా లేదు, కిందికి కారినట్టు, తాళంకప్పలో తాళంచెవి దూర్చే సందు మాదిరి ఉంది. మొదట్లో మేం గమనించలేదు, 3వ నెలలో మా ఆడబిడ్డ వాకిట్లో ఎత్తుకొని ఆడిస్తా చూసి చెప్పింది. పిల్లల డాక్టర్ టార్చి వేసి చూసి ఐరిస్ కొలొబోమా, కర్నూలుకు పోయి కంటి డాక్టర్‌కి చూపించండి అని చీటీ రాసిచ్చినారు. మా అత్తేమో నాకు 6వ నెలలో గ్రహణం రోజు కూరగాయలు తరిగినానని, అందుకే బిడ్డ కన్ను తెగిందని ఇంటికొచ్చినోళ్ళందరికీ చెప్తాంది. రాత్రిళ్ళు నిద్ర పట్టడంలేదు. నిజంగా నా వల్లనేనా? ఆ కన్ను కనపడుతుందా? అంత చిన్నబిడ్డకి చుక్కలేసి, మత్తిచ్చి చూస్తారంట, ఏం చేస్తారో ముందే తెలిస్తే కొంచెం ధైర్యంగా పోతా.

అనంతపురం అక్క:
చెల్లీ నీ వల్ల కాదు, ముందు ఆ మాట మనసులోంచి తీసెయ్. మా బాబుకి రెండు కండ్లలోనూ ఇదే, ఇప్పుడు 9 ఏండ్లు, 4వ తరగతి. నాకు గ్రహణమూ లేదు, మాది మేనరికమూ కాదు. వాడికి ఎడమ కన్ను బాగానే ఉంది, కుడి కంట్లో చీలిక లోపల కంటి నరం దాకా పోయిందంట, అందుకని ఆ కన్ను చూపు తక్కువ. అద్దాలు ఇచ్చినారు, చూపు తక్కువున్న కన్ను పనిచేసేలా, బాగున్న కంటికి రోజూ కొన్ని గంటలు ప్యాచ్ (కన్ను మూసే పట్టీ) వేయమన్నారు, వాడు పీకేసేవాడు, నేను మళ్ళీ అంటించేదాన్ని, రెండేళ్ళు అదే యుద్ధం, కానీ దానివల్ల ఆ కన్ను కొంచెమన్నా పనిచేస్తాంది. ఎండకి కండ్లు చికిలిస్తాడు, టోపీ లేకుండా బయటికి పంపను. చుక్కలు మండుతాయి కాబట్టి అప్పుడు ఏడుస్తారు, తర్వాత ఏం లేదు.

కర్నూలు ఆప్టోమెట్రిస్ట్:
అమ్మా, మీ అత్తగారికి ఒక్క లెక్క చెప్పండి. కడుపులో బిడ్డ కన్ను మొదట్లో గిన్నె ఆకారంలో ఉంటుంది, దాని అడుగున ఒక చీలిక ఉంటుంది, అది 5వ వారం నుంచి 7వ వారం లోపల మూసుకుపోవాలి. సంచికి అడుగున కుట్టు పడినట్టు అనుకోండి, కొంచెం కుట్టు పడకపోతే అక్కడ సందు మిగిలిపోతుంది, అదే కొలొబోమా. అంటే రెండో నెల దాటేసరికే అయిపోయిన పని, 6వ నెలలో వచ్చిన గ్రహణానికి దాంతో ఏం సంబంధం? చాలామందికి ఆ వారాల్లో కడుపుతో ఉన్నట్టు కూడా సరిగ్గా తెలియదు. సాధారణంగా సందు కింది వైపు, కొంచెం ముక్కు వైపుకి ఉంటుంది, అది చూడగానే పుట్టుకతో వచ్చిందని డాక్టర్లకు అర్థమవుతుంది, వేరే దిక్కున ఉంటే దెబ్బ తగిలిందా, ఆపరేషన్ అయిందా అని అడుగుతారు.

మీరు చూడాల్సింది బయట కనపడే సందు కాదు, లోపల ఎంత దూరం పోయిందనేది. ఐరిస్ వరకే అయితే చూపు దాదాపు బాగానే ఉంటుంది, వెనక రెటీనాకి (వెలుతురు పట్టే పొర), నరానికి పాకితే తగ్గుతుంది. అందుకే ముందు చుక్కలు వెయ్యకుండా లైటు వేసి నల్లపాప ముడుచుకుంటుందా, రెండు కండ్లలో ఐరిస్ రంగు ఒకటేనా చూస్తారు, చుక్కలు వేస్తే ఐరిస్ అంచుకి లాగేసుకుంటుంది కదా, ఇంక ఏం కనపడదు. పెద్దోళ్ళయితే గడ్డం ఆనించి స్లిట్ ల్యాంప్‌లో సన్నటి వెలుగు గీత కంటి మీద వేసి పెద్దది చేసి చూస్తాం, మీ పాపకి చేతిలో పట్టుకునేదో, మామూలు టార్చో సరిపోతుంది. తర్వాత చుక్కలేసి, డాక్టర్ తలకి లైటు కట్టుకొని కంటి వెనక భాగం చూస్తారు. బిడ్డ అసలు కదలకుండా ఉండాల్సి వస్తేనే మత్తు. గుండె, చెవుల పరీక్ష రాస్తే భయపడొద్దండి, కొందరు పిల్లల్లో ఇవి కలిసి వస్తాయి కాబట్టి చూసుకుంటారు. మీ ఇద్దరి కండ్లూ కూడా చూపించుకోండి, కొన్ని ఇండ్లలో ఇది వంశంలో ఉంటుంది, చిన్నగా ఉంటే తెలియకుండానే ఉండిపోతుంది.

పాప పెద్దయినాక కంటి ముందు నల్లచుక్కలు ఎక్కువైనాయన్నా, తెర అడ్డం పడినట్టు ఉందన్నా ఆ రోజే చూపించాలి, లోపల చీలిక ఉన్న కంట్లో రెటీనా ఊడే ప్రమాదం ఉంటుంది.

కడప అన్న:
పుట్టుకతోనే కాదు, తర్వాత కూడా కంటిపాప ఆకారం మారుతుంది. నాకు కన్ను ఎర్రబడి, వెలుతురు చూస్తే నొప్పి, మందుల షాపులో చుక్కలు తెచ్చుకొని 10 రోజులు నెట్టినా. స్లిట్ ల్యాంప్ మీద చూస్తే ఐరిస్ వాచి వెనక లెన్స్‌కి అతుక్కుపోయిందంట, కంటిపాప కోలగా అయింది. పెద్దోళ్ళకి కంటిపాప ఆకారం కొత్తగా మారితే ఆలస్యం చెయ్యొద్దు.

ప్రొద్దుటూరు అమ్మ:
ఆ వారాల లెక్క మా ఆయన గట్టిగా చదివి వినిపించినాడు, అత్త ఏం మాట్లాడలేదు, సోమవారం కర్నూలుకి తనూ వస్తానంది. చుక్కలేసే ముందు పాలు పట్టొచ్చా?

కర్నూలు ఆప్టోమెట్రిస్ట్:
పట్టొచ్చు. మత్తు అవసరమైతే దానికి వేరే రోజు ఇస్తారు, పాలు ఎన్ని గంటల ముందు ఆపాలో అప్పుడు వాళ్ళే చెప్తారు. టోపీ ఒకటి తెచ్చుకోండి, చుక్కలేసినాక కొన్ని గంటలు ఎండ చూడలేదు.