అప్‌డేట్: బియ్యంలో కాడ్మియం ఎందుకు ఎక్కువ చూపిస్తోందో తేలింది

ఐసీపీ-ఎంఎస్‌లో (శాంపిల్‌ని వేడి ప్లాస్మాలో అయాన్లుగా మార్చి, ద్రవ్యరాశిని బట్టి లెక్కించే యంత్రం) బియ్యప్పిండి రిఫరెన్స్ శాంపిల్ (నిస్ట్ 1568బి, అంటే మూలకాల మోతాదులు ముందే ధృవీకరించి అమెరికా ప్రమాణాల సంస్థ ఇచ్చే పిండి) కొలిస్తే కాడ్మియం సర్టిఫికెట్ విలువ కన్నా ఎక్కువ వస్తోంది, ఎందుకని ఇంతకుముందు అడిగాను కదా. మాలిబ్డినాన్ని అనుమానించమన్నవాళ్లే కరెక్ట్. ఆ పిండిలో కాడ్మియం కిలోకు సుమారు 0.022 మిల్లీగ్రాములైతే, మాలిబ్డినం 1.45 దాకా ఉంది. ప్లాస్మాలో మాలిబ్డినం-95 ఆక్సిజన్-16తో కలిసి సరిగ్గా నేను కాడ్మియం కొలిచే ద్రవ్యరాశి 111 దగ్గరే కూర్చుంటుంది. కాడ్మియం లేని మాలిబ్డినం ద్రావణం ఒక్కటే పెట్టి చూశాను, 111లో సిగ్నల్ స్పష్టంగా వచ్చింది!

హీలియం మోడ్‌లో (అయాన్ల దారిలో హీలియం నింపి ఇలాంటి జంట అయాన్లను ఆపే పద్ధతి) అది బాగా తగ్గింది. ఆ తర్వాత ఐసోటోప్ డైల్యూషన్‌కి మారాను, అంటే ఒక ఐసోటోప్ ఎక్కువగా ఉన్న కాడ్మియాన్ని (స్పైక్) తెలిసిన మోతాదులో కలిపి, ఐసోటోపుల నిష్పత్తి ఎంత మారిందో చూసి శాంపిల్‌లోని కాడ్మియాన్ని లెక్కకట్టడం. కాడ్మియం-111 ఎక్కువగా ఉన్న స్పైక్‌ని, పిండిని కరిగించే యాసిడ్ పోయకముందే తూచి కలిపేస్తున్నా. స్పైక్, శాంపిల్‌లోని కాడ్మియం రెండూ పూర్తిగా కలిశాక శాంపిల్ కొంత ఒలికినా 111/114 నిష్పత్తి మారదు, అందుకే ఈ పద్ధతంటే నాకు అంత నమ్మకం. కాడ్మియం-114 మీద పడే తగరం-114ని, తగరం-118 సిగ్నల్ చూసి లెక్కకట్టి తీసేస్తున్నా. ఇప్పుడు విలువ సర్టిఫికెట్ పరిధిలోనే వస్తోంది.

ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ చాలా థాంక్సండీ. సీసానికీ ఇలాగే చేయాలనుకుంటున్నా, సీసం-206 స్పైక్ వాడినవాళ్లుంటే చెప్పండి.