బడ్జెట్ ప్రాసెసర్‌ని ఎయిర్ కూలర్ మీద ఓవర్‌క్లాక్ చేస్తే ఫలితం ఉందా, ఉత్త సరదానా?

కొత్త_ఫ్యాన్:
నాది రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు. డబ్బాలో వచ్చిన చిన్న కూలర్ రెండర్ (ఎడిట్ చేసిన వీడియోని తుది ఫైల్‌గా తయారుచేసే పని) పెట్టగానే ఒకటే గోల. అందుకని పోయిన నెల 120 మి.మీ. ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ బిగించాను. వేడి బాగా తగ్గేసరికి చెయ్యి ఊరుకోలేదు, ఓవర్‌క్లాక్‌కి దిగాను, అంటే చిప్‌ని కంపెనీ సెట్టింగ్ కంటే ఎక్కువ వేగంతో నడపడం. ఆరు కోర్లనూ 4.2 గిగాహెర్ట్జ్ దగ్గర, 1.325 వోల్టుల దగ్గర కట్టేశాను. అంతకుముందు రెండర్‌లో అన్ని కోర్లూ 3.95 దగ్గర తిరిగేవి. నేను ఎప్పుడూ కొలతకి వాడే వీడియో ఒకటుంది. దానికి 40 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 37న్నర. వేడి 82 డిగ్రీలు దాటలేదు. గేముల్లో మాత్రం తేడా ఏమీ కనపడలేదు. మా తమ్ముడేమో "రెండున్నర నిమిషాల కోసం రెండు రాత్రులు పోగొట్టావు" అని ఎగతాళి చేస్తున్నాడు. మీరేమంటారు?

పాత_జంపర్:
తమ్ముడి మాట పట్టించుకోకండి. ఓవర్‌క్లాకింగ్‌కి అసలు అందం చవక చిప్పులతోనే. 1998లో వచ్చిన ఇంటెల్ చవక చిప్ సెలెరాన్ 300ఏ గుర్తున్నవాళ్ళు ఇక్కడ ఇద్దరైనా ఉంటారు. బస్ స్పీడ్‌ని (బోర్డు మూల వేగాన్ని) మల్టిప్లయర్‌తో గుణిస్తే వచ్చేదే చిప్ వేగం. ఆ మల్టిప్లయర్ 4.5 దగ్గర తాళం వేసి ఉండేది. బస్ స్పీడ్‌ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కి మారిస్తే 300 కాస్తా 450 అయ్యేది. బోర్డు మాట వినకపోతే ఒక పిన్ మీద చిన్న టేపు ముక్క అంటించేవాళ్ళం. క్యాష్ (చిప్ చేతికందే చిన్న మెమరీ) 128 కేబీయే అయినా చిప్ మీదే ఉండి పూర్తి వేగంతో పనిచేసేది. అందుకే చాలా ఖరీదైన పెంటియం 2 450 పక్కన నిలబెట్టినా తలదించుకునేది కాదు. అదంతా గాలి కూలర్ మీదే సుమా, నీళ్ళ గొట్టాలు ఎవరికి తెలుసు అప్పట్లో!

లెక్కల_మాస్టారు:
జంపర్ గారూ, ఆ కథ నాకూ ఇష్టమే. కానీ అక్కడ పెరిగింది 50 శాతం, ఇక్కడ 6. అప్పట్లో కంపెనీ చిప్‌లో చాలా మిగులు వదిలేసేది, మనం తవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు బూస్ట్ పేరుతో ఆ మిగులంతా చిప్పే ముందుగా వాడేసుకుంటోంది.

3600కి కంపెనీ చెప్పిన బూస్టే 4.2. ఒకట్రెండు కోర్ల పని పడితే మీరు కట్టిన వేగం దాకా అది తనంతట తానే వెళ్తుంది. గేముల్లో తేడా లేకపోవడానికి అదొక కారణం. గ్రాఫిక్స్ కార్డే ముందు అలసిపోతుండటం ఇంకో కారణం కావచ్చు.

ఇక పవర్. చిప్ తినే పవర్ వేగంతో నేరుగా పెరుగుతుంది, వోల్టేజ్‌కైతే దాని వర్గం లెక్కన పెరుగుతుంది. మామూలుగా మీ చిప్ రెండర్‌లో 1.225 దగ్గర ఉండేదనుకుందాం. 1.325ని దానితో భాగించి వర్గం చేస్తే 1.17. వేగం పెరిగిన 1.063తో గుణిస్తే 1.24. అంటే 6 శాతం పనికి 24 శాతం అదనపు వేడి. డబ్బా మీద 65 వాట్లని ఉన్నా ఈ చిప్‌కి సాకెట్ దగ్గర అసలు హద్దు 88 వాట్లు. మల్టిప్లయర్‌ని చేత్తో కట్టేశాక ఆ హద్దు కూడా కాపలా కాయదు.

చల్లని_గాలి:
ఆ కూలర్ డబ్బు దాచి ఉంటే ఎనిమిది కోర్ల చిప్‌కి సగం దూరం వెళ్ళేవారు. నా ఓటు తమ్ముడికే.

కొత్త_ఫ్యాన్:
కూలర్ కొన్నది చప్పుడు భరించలేక. ఓవర్‌క్లాక్ ఆలోచన ఆ తర్వాత పుట్టింది. ఆ ఖర్చు ఈ లెక్కలో వేయకండి ప్లీజ్.

సోల్డర్_పొగ:
అందరూ చిప్ గురించే మాట్లాడుతున్నారు, బోర్డు సంగతి ఎవరూ అడగలేదు. డబ్బాలో వచ్చే కూలర్ కిందికి ఊదుతుంది. ఆ గాలి సాకెట్ చుట్టూ ఉన్న వీఆర్‌ఎంకి, అంటే చిప్‌కి కరెంటు అందించే భాగానికి కూడా తగులుతుంది. టవర్ కూలర్ పక్కకి ఊదుతుంది. చిప్ చల్లగా ఉంటుంది, వీఆర్‌ఎం మాత్రం ఉడికిపోతుంది. చవక బోర్డుల్లో దాని మీద హీట్‌సింక్ కూడా ఉండదు.

నా అనుభవం చెప్తాను. పాత ఆరు కోర్ల చిప్, హీట్‌సింక్ లేని బోర్డు, మీలాగే కొత్త టవర్ కూలర్. పది నిమిషాలు బాగా నడిచేది, తర్వాత వేగం ఒక్కసారిగా సగానికి పడిపోయేది. చిప్ వేడి చూస్తే 68. థర్మల్ పేస్ట్ మూడుసార్లు మార్చాను. ఫ్యాన్ తిప్పి పెట్టాను. చివరికి విసుగొచ్చి వీఆర్‌ఎం దగ్గర వేలు పెడితే చురుక్కుమంది. అక్కడ చిన్న ఫ్యాన్ పెట్టాక జబ్బు పోయింది. ఆ టెన్షన్‌లో వారం గడిచిపోయింది మరి.

రాత్రి_రెండర్:
క్రాష్ అయితే నయం, కనీసం తెలుస్తుంది. నన్ను ఏడిపించింది క్రాష్ కాని ఓవర్‌క్లాక్. గేములు ఆడింది, వేగం కొలిచే బెంచ్‌మార్క్ పాసైంది. నెల తర్వాత దాచుకున్న జిప్ ఫైళ్ళు తెరిస్తే రెండు పాడైపోయి ఉన్నాయి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో హార్డ్‌వేర్ ఎర్రర్లు వరసగా నమోదై ఉన్నాయి, నేనే ఎప్పుడూ చూడలేదు. గేముల కోసమైతే మీ ఇష్టం. పని చేసుకునే మెషీన్ మీద అర్ధస్థిరమైన సెట్టింగ్ మాత్రం వద్దు.

పాత_జంపర్:
అది ఓవర్‌క్లాక్ తప్పు కాదు, పరీక్ష సరిగ్గా చేయకపోవడం. ఒక బెంచ్‌మార్క్ పాసవడం పరీక్షేంటి? చిప్‌ని పూర్తిగా శ్రమపెట్టి పరీక్షించే ప్రైమ్95 గాని, ఓసీసీటీ గాని రాత్రంతా నడపాలి. అదీ గది బాగా వేడిగా ఉన్న రోజున. గాలి కూలర్ చిప్‌ని గది గాలి కంటే చల్లగా చేయలేదు. గది 10 డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా ఇంచుమించు అంతే ఎక్కుతుంది. ఇవాళ్టి 82 ఎండాకాలంలో 92. ఈ చిప్‌కి గరిష్ఠం 95.

చల్లని_గాలి:
అంటే మీరే ఒప్పుకున్నారుగా, మిగులు లేదని!

లెక్కల_మాస్టారు:
అసలు అడగాల్సింది మరిచాం. కొత్త_ఫ్యాన్ గారూ, మీ ర్యామ్ ఏ వేగంతో నడుస్తోంది? టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ చూసి చెప్పండి.

కొత్త_ఫ్యాన్:
3200 కిట్ కొన్నాను. చూస్తే… 2133 అని ఉంది. ఇదేంటి?

లెక్కల_మాస్టారు:
అనుకున్నాను. బయోస్‌లో (బోర్డు సెట్టింగుల మెనూలో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేయలేదు. ఈ చిప్‌లో కోర్లనూ మెమరీనీ కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ ర్యామ్ వేగంలో సగంతో తిరుగుతుంది. 3200 అయితే 1600, 2133 అయితే 1066 చిల్లర. కోర్లను రెండు రాత్రులు పిండారు, దారి మాత్రం ఇరుకుగానే వదిలేశారు. 3200 ఈ ప్రాసెసర్‌కి కంపెనీ ఒప్పుకున్న వేగమే, ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేసినట్టు కూడా కాదు.

సోల్డర్_పొగ:
పనిలో పని, 4.2 తీసేసి వోల్టేజ్‌ని కాస్త తగ్గించి చూడండి. వేడి తగ్గితే బూస్ట్ అదే పెరుగుతుంది.

లెక్కల_మాస్టారు:
తగ్గించవచ్చు, కానీ ఈ తరం చిప్పులతో ఒక మోసం ఉంది. వోల్టేజ్ మరీ తగ్గిస్తే తెర మీద 4.1 అనే చూపిస్తూ లోపల నెమ్మదిగా నడుస్తాయి. గిగాహెర్ట్జ్ అంకె నమ్మొద్దు, రెండర్ టైమ్ చూడండి.

కొత్త_ఫ్యాన్:
మూడు రోజుల తర్వాత వచ్చాను. ఎక్స్‌ఎంపీ పెట్టాక ఎప్పుడూ తడబడే ఒక గేమ్‌లో కుదుపులు చాలావరకు పోయాయి. గేముల్లో నాకు కనపడిన మొదటి తేడా ఇదే. వోల్టేజ్ 0.05 తగ్గిస్తే మాస్టారు చెప్పినట్టే అయింది, అంకె పెరిగింది, రెండర్ ఇంకా ఆలస్యమైంది. తీసేశాను. 4.2 లేకుండా రెండర్ 39 నిమిషాలు, 4.2తో 37లోపు. అందుకని బయోస్‌లో రెండు ప్రొఫైళ్ళు దాచుకున్నాను. మామూలు రోజుల్లో కంపెనీ సెట్టింగ్, పెద్ద రెండర్ ఉన్న రాత్రి 4.2.

చల్లని_గాలి:
ప్రతి రెండర్‌కీ రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి వెళ్తారా? మీకు మిగిలే రెండు నిమిషాలూ అక్కడే అయిపోతాయి.

పాత_జంపర్:
మూడు గంటల రెండర్‌కి పది నిమిషాలు మిగులుతాయండీ. మేం జంపర్లు (బోర్డు మీద సెట్టింగ్ మార్చే చిన్న క్లిప్పులు) మార్చడానికి క్యాబినెట్ విప్పేవాళ్ళం.

సోల్డర్_పొగ:
ఇంతకీ వీఆర్‌ఎం దగ్గర గాలి సంగతి చూశారా లేదా?

కొత్త_ఫ్యాన్:
చూశాను. పాత క్యాబినెట్ ఫ్యాన్ ఒకటి తీగతో కట్టాను. ఫొటో మాత్రం అడగొద్దు.