మా నాన్న 1968 ఫియట్‌కి ఇన్సూరెన్స్: ఈ మధ్య ఎవరైనా తీసుకున్నారా?

మారేడ్‌పల్లి ఫియట్
అందరికీ నమస్కారం. మా ఇంట్లో 1968 ఫియట్ 1100 ఉంది, లేత నీలం రంగు. నాన్న పోయిన ఏడాది పోయారు. ఆ హడావిడిలో పాలసీ రెన్యువల్ ఎవరికీ గుర్తు లేదు, అయిదు నెలలుగా బండికి ఇన్సూరెన్స్ లేదు. అంతకు రెండేళ్ళ ముందు నాన్న దగ్గరుండి టింకరింగ్, పెయింటింగ్, ఇంజన్ పని అన్నీ చేయించారు. బిల్లులున్నవే మూడు లక్షలు దాటాయి.

ఆన్‌లైన్‌లో చూస్తే ఫియట్ అని కొట్టగానే లీనియా, పుంటో చూపిస్తోంది, 1100 అసలు లేదు. ఒక ఏజెంటు "30 వేల ఐడీవీ రాస్తా సార్, అంతకు మించి సిస్టమ్ తీసుకోదు" అన్నాడు. ఐడీవీ అంటే పాలసీలో బండికి రాసే విలువ అట. ఇంకో ఆయన థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి) ఒక్కటే చాలన్నాడు. నెలకు రెండుసార్లు, ఆదివారం పొద్దున్నే ట్యాంక్‌బండ్ దాకా వెళ్ళొస్తాం, అంతే. ఏం చేయమంటారు?

అల్వాల్ ఫస్ట్‌గేర్
ముందు థర్డ్ పార్టీ అయినా తీసుకోండి బ్రో. అది లేకుండా రోడ్డెక్కితే మొదటిసారి 2 వేలు ఫైన్. ఫైన్‌దేముంది, ఎవరికైనా తగిలితే ఇల్లు అమ్ముకోవాలి. 1100 అంటే 1089 సీసీ కదా, 1000 నుంచి 1500 లోపు స్లాబ్. 2022 జూన్‌లో వచ్చిన రేటు 3,416, పైన జీఎస్టీ. ఏ కంపెనీ అయినా అదే రేటు, బేరం లేదు.

మలక్‌పేట అంబీ
ఆ 30 వేల ఐడీవీకి మాత్రం ఒప్పుకోకండి అన్నా. నా కథ వినండి.

2020 అక్టోబరు వానలు అందరికీ గుర్తుండే ఉంటాయి. మా సెల్లార్‌లోకి రాత్రికి రాత్రి నీళ్ళొచ్చాయి. అంబాసిడర్‌ని పైకి తెద్దామని దిగితే నడుముల దాకా ఉన్నాయి, బ్యాటరీ అప్పటికే చచ్చిపోయింది. మూడో రోజు నీళ్ళు తీశాక చూస్తే డోర్ లోపలి రెగ్జిన్ మీద గీత గీసినట్టు బురద మరక, సరిగ్గా స్టీరింగ్ ఎత్తున. సీట్ల స్పాంజి పిండితే వారం పాటు నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

పాలసీ ఉంది కదా అని ధీమాగా ఉన్నా. ఐడీవీ 40 వేలు. ఎప్పుడో ఏజెంటు వేసింది, ప్రీమియం తక్కువని నేనూ మాట్లాడలేదు. రిపేరు ఎస్టిమేట్ లక్షా పది వేలు వచ్చింది. ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ (బండి మొత్తం పోయినట్టే) అట, అంటే నా బండికి 30 వేలు దాటితే చాలు. బండి వాళ్ళకిచ్చేస్తే వెయ్యి కోసి 39 వేలిస్తామన్నారు. నేనే ఉంచుకుంటే స్క్రాప్ విలువ 12 వేలు తీసేసి 27 వేలు. ఉంచుకున్నా. మిగతాదంతా నా జేబులోంచే.

కంపెనీని తిట్టి లాభం లేదు, పాలసీ కాగితంలో ఉన్నదే చేశారు. ఆ కాగితం నేనే చదవలేదు.

రిటైర్డ్ సర్వేయర్
మలక్‌పేట బాబు చెప్పింది అక్షరాలా నిజం. ఇలాంటి ఫైళ్ళు నేను చాలా చూశాను. ఫియట్ గారూ, మీకు కాస్త వివరంగా రాస్తాను.

"సిస్టమ్ తీసుకోదు" అన్నది ఏజెంటు మాట, రూలు కాదు. కొత్త కారుకి అయిదేళ్ళ దాకా ఐడీవీ తగ్గించే పట్టిక ఉంటుంది. అయిదేళ్ళు దాటిన బండికీ, కంపెనీ తయారీ ఆపేసిన మోడల్‌కీ ఆ పట్టిక వర్తించదు. విలువ ఎంతన్నది బీమా కంపెనీ, యజమాని మాట్లాడుకుని ఒప్పుకోవాలి. మాట్లాడుకోవాలంటే మీ చేతిలో కాగితం ఉండాలి. లైసెన్స్ ఉన్న సర్వేయర్‌తోనో వాల్యుయర్‌తోనో రిపోర్టు రాయించండి. నాన్నగారు చేయించిన పనుల బిల్లులు, ముందు, వెనక, ఇంజన్, డాష్‌బోర్డు, అడుగుభాగం ఫొటోలు జతచేయండి. అడుగుభాగం ఎవరూ తీయరు, పాత బండి విలువ తేలేది అక్కడే. ఇవన్నీ పట్టుకుని బ్రాంచి ఆఫీసుకు స్వయంగా వెళ్ళి, పాలసీ ఇచ్చేదీ లేనిదీ తేల్చే అండర్‌రైటర్‌ని కలవండి. ఏజెంటుతో పంపితే ఆ కవరు ఆయన డిక్కీలోనే ఉంటుంది.

ప్రీమియం గురించి భయపడకండి. ఓన్ డ్యామేజీకి (ఓడీ, అంటే మన బండికే జరిగే నష్టానికి) పాత టారిఫ్‌లో, అంటే అన్ని కంపెనీలకూ ఒకేలా ఉన్న రేట్ల పట్టికలో, మన ఊరికి, ఈ వయసు బండికి రేటు మూడున్నర శాతం దరిదాపుల్లో ఉండేది. 2007 జనవరి నుంచి ఆ కట్టుబాటు లేదు, డిస్కౌంట్ అడగొచ్చు. మూడు లక్షల ఐడీవీకి పూర్తి రేటు వేసినా పదివేల అయిదొందలు. ఒక ఫెండర్ పని అంత అవుతుంది.

ఐడీవీ ఎక్కువ రాయించినంత మాత్రాన చిన్న క్లెయిములో డబ్బంతా వస్తుందనుకోకండి. పదేళ్ళు దాటిన బండికి మెటల్ పార్టుల మీద 50 శాతం తరుగు తీస్తారు. రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీకి కూడా సగమే. అద్దాలకు తరుగు లేదు. తరుగు తీయకుండా ఇచ్చే జీరో డెప్ ఈ వయసు బండికి ఇవ్వరు, అడిగి నవ్వించుకోవద్దు. లేబర్‌కి మాత్రం తరుగు ఉండదు. రాణిగంజ్‌లో బంపర్ 8 వేలకు కొంటే 4 వేలే వస్తాయి. అదే సొట్టపడిన ఫెండర్‌ని మేస్త్రి సుత్తితో సరిచేస్తే అది లేబర్ బిల్లు, పూర్తిగా లెక్కలోకి వస్తుంది. పాత బండ్లకు మంచి మేస్త్రి దొరికితే అన్ని రకాలా లాభమే.

క్యాష్‌లెస్ ఆశ పెట్టుకోకండి, మీ మేస్త్రి ఏ నెట్‌వర్క్‌లోనూ ఉండడు. యాక్సిడెంట్ అయితే ముందు కంపెనీకి చెప్పి, సర్వే అయ్యాకే బండి విప్పించండి. రాణిగంజ్‌లో కొన్నా బిల్లు అడిగి తీసుకోండి.

హెరాల్డ్ 948
సర్వేయర్ గారికి దండాలు. వింటేజ్ రిజిస్ట్రేషన్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2021 జులైలో కేంద్రం రూలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం మారకుండా ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. ఇప్పటికే నంబరున్న బండికి పాత నంబరు అలాగే ఉంటుంది, కొత్తగా రిజిస్టర్ అయ్యే వాటికి వీఏ సిరీస్. అలా నమోదైన ప్రైవేటు కారుకి థర్డ్ పార్టీ ప్రీమియం సగమే.

ఆశపడి లెక్కేశా. ఫియట్‌కి 3,416లో సగం 1,708. జీఎస్టీతో కలిపి ఏడాదికి 2,015 మిగులు. పదేళ్ళకి 20,150. వింటేజ్ రిజిస్ట్రేషన్ ఫీజు 20 వేలు, గడువు పదేళ్ళు. అంటే పదేళ్ళు ఆగితే నికర లాభం నూటయాభై రూపాయలు! నా హెరాల్డ్‌ది చిన్న ఇంజన్, థర్డ్ పార్టీ (టీపీ) 2,094 స్లాబ్, నాకైతే నష్టమే.

డబ్బుల సంగతి పక్కన పెట్టినా, వింటేజ్ బండిని రోజువారీ తిప్పకూడదు. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు, రిపేరు, వీటికే రోడ్డెక్కాలి. మీ ట్యాంక్‌బండ్ షికారు ఇందులో ఎక్కడ పడుతుందో మీరే ఆలోచించండి.

అల్వాల్ ఫస్ట్‌గేర్
ఓడీ మీద కూడా వింటేజ్ డిస్కౌంట్ 25 శాతం ఉంటుందని విన్నానే?

రిటైర్డ్ సర్వేయర్
అది వేరే వింటేజ్. పాత టారిఫ్‌లో వింటేజ్ అంటే 1940 డిసెంబరు 31 లోపు తయారై, వింటేజ్ అండ్ క్లాసిక్ కార్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ ఉన్న కారు. చౌమహల్లాలో ఉన్న నిజాం గారి పసుపు రోల్స్ రాయిస్ లాంటి వాటికి. మీ ఫియట్ ఆ లెక్కలో చిన్నపిల్ల. ఆటోమొబైల్ అసోసియేషన్ మెంబరైతే ఆ టారిఫ్‌లో ఓడీ మీద 5 శాతం ఉండేది, గరిష్ఠం 200 రూపాయలు. ఇద్దరికి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు.

ఫిలింనగర్ కాంటెస్సా
ఒక్క మాట. పాత బండి ఉందని తెలియగానే షూటింగ్ వాళ్ళు ఫోన్ చేస్తారు, "రెండు రోజులు సార్, పీరియడ్ సినిమా" అంటారు. పెళ్ళి బరాత్‌కి అడిగేవాళ్ళు వేరే. డబ్బు తీసుకుని ఇచ్చారంటే ప్రైవేటు కారు పాలసీ పనికిరాదు, కిరాయికి తిప్పడం అందులో కవర్ కాదు. మా ఫ్రెండు కారుని సెట్లో లైట్ స్టాండు గుద్దేసింది. అద్దెకిచ్చినట్టు రసీదు వాడే సంతకం పెట్టి ఉన్నాడు, క్లెయిము అక్కడే ఆగిపోయింది. ప్రొడక్షన్ వాళ్ళ చేత రాతపూర్వకంగా బాధ్యత తీసుకోమనండి, లేకపోతే ఇవ్వకండి. ర్యాలీకి వెళ్ళినా ముందుగా కంపెనీకి చెప్పి, పాలసీకి జతచేసే ఎండార్స్‌మెంట్ కాగితం తీసుకోండి.

మారేడ్‌పల్లి ఫియట్
ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ థాంక్స్. ఒక సందేహం. ఆర్సీ ఇంకా నాన్న పేరు మీదే ఉంది. పాలసీ నా పేరు మీద తీసుకోవచ్చా?

రిటైర్డ్ సర్వేయర్
వద్దు. ఇది ముందే అడగాల్సింది నేను. యజమాని పోతే పాత పాలసీ వారసులకు మూడు నెలల వరకే, లేదా గడువు తీరేదాకా, ఏది ముందైతే అది. ఆర్సీ ఒకరిది, పాలసీ ఇంకొకరిది అయితే రేపు క్లెయిములో మొదటి ప్రశ్న అదే. ముందు ఆర్టీఏలో ఫారం 31 పెట్టి పేరు మార్పించుకోండి. అమ్మగారు, తోబుట్టువుల సంతకాలు ఒకేసారి తీసేసుకోండి, మళ్ళీ మళ్ళీ తిరగకుండా.

మలక్‌పేట అంబీ
అప్పటిదాకా బండి గేటు దాటించకు అన్నా.

మారేడ్‌పల్లి ఫియట్
మూడు నెలల తర్వాత వస్తున్నా, అప్‌డేట్ ఇవ్వడానికి. ఆర్సీ మారడానికే రెండు నెలలు పట్టింది. అక్క అమెరికాలో ఉంది, ఆమె అఫిడవిట్ కోసమే సగం టైమ్ పోయింది.

ఏజెంట్లని వదిలేసి సికింద్రాబాద్‌లో ఒక బ్రాంచికి నేనే వెళ్ళా. మొదటి రోజు కౌంటర్లో అమ్మాయి ఆర్సీ చూసి "సార్, ఇయర్ తప్పు పడినట్టుంది" అంది. రెండోసారి వాల్యుయేషన్ రిపోర్టుతో వెళ్తే మేనేజరే లోపలికి పిలిచారు. ఆయన వాళ్ళ నాన్నకీ ఫియట్ ఉండేదట, పావుగంట ఆ కబుర్లే. నేను మూడున్నర లక్షలు అడిగా, 2 లక్షల 75 వేలకి ఒప్పుకున్నారు. పాలసీ తెగిపోయి 90 రోజులు దాటింది కాబట్టి నాన్న సంపాదించిన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయని ఏళ్ళకి వచ్చే తగ్గింపు) ఎలాగూ పోయింది. ఓడీలో డిస్కౌంట్ పోగా 5,800 చిల్లర, టీపీ, పర్సనల్ యాక్సిడెంట్, జీఎస్టీ అన్నీ కలిపి 11,300 దాటింది.

ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన కుర్రాడు ఫోన్‌తో ఛాసిస్ నంబరు ఫొటో తీయాలని పది నిమిషాలు అవస్థ పడ్డాడు. కొత్త పెయింటు కింద అంకెలు కనబడలేదు. అమ్మ లోపల్నుంచి తెల్లకాగితం, పెన్సిలు తెచ్చి "మీ నాన్న ఇలా చేసేవారు" అని కాగితం దాని మీద పెట్టి రుద్దింది. అంకె తర్వాత అంకె తేలింది. ఆ కాగితాన్నే ఫొటో తీసుకుని వెళ్ళాడు.

వీఏ జోలికి వెళ్ళలేదు.

హెరాల్డ్ 948
శుభం. మీ వాల్యుయర్ ఎంత తీసుకున్నారు? నా హెరాల్డ్ పాలసీ వచ్చే నెలలో అయిపోతోంది, ఐడీవీ ఇప్పుడే తీసి చూశా. 25 వేలు.