విమానాశ్రయంలో ఏది ఎవరి పని? నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (బీకాం మూడో సంవత్సరం విద్యార్థి)

పెద్దలకు నమస్కారం. గత నెలలో మా అక్కను విమానం ఎక్కించడానికి వెళితే, అది రెండు గంటలు ఆలస్యమైంది. కారణం అడగబోతే బయటి టికెట్ కౌంటరులో ఉన్న అమ్మాయి విమానాశ్రయం వాళ్ళను అడగమన్నది, విమానాశ్రయం ఉద్యోగి ఎయిర్‌లైన్స్ వాళ్ళను అడగమన్నాడు. అక్క వెళ్ళిపోయింది గానీ, ఒకే కప్పు కింద ఇంతమందిలో ఎవరు ఎవరికి జవాబుదారీ అన్న సందేహం మాత్రం నాతో ఇంటికి వచ్చింది. ఈ రంగంలోకి రావాలన్న ఆసక్తితో వాకబు చేస్తే, ఒక శిక్షణ సంస్థ ఏడాది డిప్లొమాకు లక్షా నలభై వేలు కట్టమంది. అంత డబ్బు పెట్టే ముందు, విమానాశ్రయమూ విమాన సంస్థా ఎలా నడుస్తాయో సొంతంగా తెలుసుకునే దారి ఏదైనా ఉందా?

మొదటి సమాధానం (విమానాశ్రయ కార్యకలాపాల విభాగంలో పనిచేసి విరమించినవాడిని)

బాబూ, ముందుగా విమానాశ్రయం ఇల్లుగలాయన, విమాన సంస్థ అద్దెకున్నాయన అనుకోండి, సగం చిక్కు విడిపోతుంది. శంషాబాద్‌నే తీసుకుందాం. 2008 మార్చిలో బేగంపేట నుంచి రాకపోకలు అక్కడికి మారాయి. దాన్ని నడిపేది జీఎంఆర్ నాయకత్వంలోని ఒక కంపెనీ. అందులో భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థకు 13 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం వాటాలున్నాయి. అయితే విమానం ఎప్పుడు దిగాలో ఎప్పుడు ఎగరాలో చెప్పే కంట్రోల్ టవర్ ఆ కంపెనీది కాదు, ప్రాధికార సంస్థది. తనిఖీ చేసే జవాన్లు సీఐఎస్‌ఎఫ్, అంటే కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం వారు. విశాఖపట్నం కథ మరోలా ఉంటుంది: అది నౌకాదళపు విమాన స్థావరం కాబట్టి, అక్కడి రన్‌వే మీద పౌర విమానాలు ఒక రకంగా అతిథులే.

ఇల్లుగలాయనకు రాబడి రెండు దారుల్లో వస్తుంది. విమానం బరువును బట్టి ల్యాండింగ్ రుసుము, నిలిపిన సమయాన్ని బట్టి పార్కింగ్ రుసుము, మీ టికెట్‌లోనే కలిపి వసూలు చేసే వినియోగదారు రుసుము ఒక దారి. దుకాణాలు, కార్ల పార్కింగ్, ప్రకటనల బోర్డులు రెండో దారి. పెద్ద విమానాశ్రయాల్లో మొదటి రకం రుసుములను ఏఈఆర్ఏ అనే నియంత్రణ సంస్థ నిర్ణయిస్తుంది. రెండో రకం ఆదాయంలో 30 శాతాన్ని ఈ లెక్కలో కలిపి ఆ మేరకు రుసుములను తగ్గించాలని 2016 నాటి పౌర విమానయాన విధానం చెబుతుంది. ఆ శాతం దగ్గరే అసలు పేచీలన్నీ! మీరు బీకాం చదువుతున్నారు కాబట్టి చెబుతున్నాను: ఏఈఆర్ఏ వెబ్‌సైటులో హైదరాబాద్ విమానాశ్రయపు రుసుముల ఉత్తర్వు ఉచితంగా దొరుకుతుంది. ఎంత ఆస్తికి ఎంత రాబడి అనుమతించాలి, కంపెనీ అడిగిందేమిటి, విమాన సంస్థలు అభ్యంతరపెట్టిందేమిటి అన్నవన్నీ అందులో ఉంటాయి. చదవడానికి విసుగ్గా ఉంటుందన్నది నిజమే, కానీ మీరు చెప్పిన డిప్లొమాలో అంత సరుకు ఉంటుందని నేను అనుకోను.

విమానాశ్రయాన్ని కట్టి నడిపే హక్కును ప్రభుత్వం కంపెనీకి ఇచ్చే రాయితీ ఒప్పందాలు కూడా చూడండి. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపల మరో విమానాశ్రయం రాకూడదన్న షరతు వల్లనే వరంగల్ మామునూరు విమానాశ్రయం చాలాకాలం ముందుకు సాగలేదు.

రెండో సమాధానం (ర్యాంప్ మీద, అంటే విమానాలు నిలిపే చోట, పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాను)

తమ్ముడూ, పై పెద్దాయన చెప్పినవి కాగితం మీది లెక్కలు, నేను నేల మీది సంగతి చెబుతాను. విమానం వచ్చి ఆగి, చక్రాలకు చాక్స్ (కదలకుండా అడ్డుపెట్టే దిమ్మలు) పెట్టిన నిమిషం నుంచి తిరిగి చాక్స్ తీసేదాకా మాకు దొరికేది, చిన్న విమానమైతే, సుమారు అరగంట. ఆ అరగంటలో సామాను దించాలి, లోపల ఊడ్వాలి, ఇంధనం నింపాలి, కొత్త సామాను ఎక్కించాలి, బరువు ఎక్కడెక్కడ ఎంత ఉందో చూపే లోడ్ షీట్ కెప్టెన్ చేతికి చేరాలి. వీటిలో ఏ ఒక్కటి జారినా మిగతావన్నీ జారతాయి.

ఒకరోజు సాయంత్రం సామాను అప్పగించిన ప్రయాణికుడు ఒకరు గేటు దగ్గరికి రాలేదు. మనిషి ఎక్కకపోతే ఆయన పెట్టె విమానంలో వెళ్ళకూడదన్నది భద్రతా నియమం. నూరుకు పైగా పెట్టెల్లో ఆ ఒక్క నీలం పెట్టె కోసం మోకాళ్ళ మీద పాకుతూ ట్యాగులు వెతికాం. అది అన్నిటికంటే లోపల, గోడ పక్కన దొరికింది. ఇరవై రెండు నిమిషాలు పోయాయి. ఆ తరువాత మొదలైంది అసలు తగువు. ప్రతి ఆలస్యానికీ అంతర్జాతీయంగా ఒక రెండంకెల కోడ్ రాయాలి. ప్రయాణికుడు రాకపోతే 15, సామాను ఎక్కించడంలో జాప్యమైతే 32. మా మీద 32 రాయబోయారు, మేము ఒప్పుకోలేదు. ఆ విమానం ఆ రాత్రి ఇంకా రెండు ఊళ్ళు తిరగాలి. అక్కడంతా దానికి పడేది 93, అంటే వెనకటి ప్రయాణం నుంచే ఆలస్యంగా వచ్చిందని. మీకు కౌంటరులో సమాధానం దొరకకపోవడానికి కారణం చాలావరకు ఇదే: ఆలస్యం పుట్టింది అక్కడ కాదు.

మూడో సమాధానం (ఒక విమాన సంస్థ ఖాతాల విభాగం)

విమాన సంస్థ వైపు ఒక్క మాట. విమానాల్లో చాలావరకు అద్దెవే. ఆ అద్దె డాలర్లలో కట్టాలి, టికెట్లు అమ్మేది రూపాయల్లో. విమాన ఇంధనం జీఎస్టీ పరిధిలో లేదు కాబట్టి రాష్ట్రానికో రేటున పన్ను పడుతుంది. నేల మీద నిలిచిన విమానం అద్దె తినడమే తప్ప సంపాదించదు. అందుకే పై సోదరుడు చెప్పిన ఆ అరగంట మీద అంత పట్టుదల. ఇండిగో మాతృసంస్థ 2015లో షేర్లు జారీ చేసినప్పుడు ఇచ్చిన ప్రాస్పెక్టస్ చదవండి, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నెలనెలా విడుదల చేసే ప్రయాణికుల గణాంకాలు దాని పక్కన పెట్టుకోండి.

డిప్లొమా విషయంలో శిక్షణ సంస్థను ఒకటే అడగండి: దీనివల్ల ఏ లైసెన్సు వస్తుంది? చెకిన్ ఉద్యోగాల్లో చేరినవారికి ఉద్యోగమిచ్చిన సంస్థలే శిక్షణ ఇచ్చుకుంటాయి. కంట్రోల్ టవర్ ఉద్యోగానికి భౌతికశాస్త్రం, గణితంతో బీఎస్సీ గానీ ఇంజనీరింగ్ గానీ ఉండాలి, బీకాం పనికిరాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అక్కను అడిగాను, ఆ విమానం ఆ రోజు మరో ఊరి నుంచే రెండు గంటలు ఆలస్యంగా వచ్చిందట. అయితే మాది 93 అన్నమాట. ఏఈఆర్ఏ ఉత్తర్వు తెరిచాను, వందల పేజీలుంది. డిప్లొమా వాళ్ళకు రేపు ఫోన్ చేసి లైసెన్సు సంగతి అడుగుతాను.