“సాధనమున పనులు”: ఇక్కడ సాధనం అంటే పనిముట్టేనా?

తాతగారి పాత ఇనుప చిత్రిక (చెక్కను నునుపు చేసే పనిముట్టు) అటక మీద దొరికింది. వెనక పిడికి పైకొమ్ము విరిగిపోయింది. తుమ్మ చేవతో కొత్త పిడి చెక్కాను, నాలుగు వేళ్లూ పట్టేలా. అరగంటకే చిటికెన వేలి పక్కన బొబ్బ! మూడు వేళ్లతో పట్టి, చూపుడు వేలు ముందుకు చాచాలట. రెండోది చెక్కుతుంటే వేమన పాదం నోట్లో ఆడుతోంది: “సాధనమ్మున పనులు సమకూరు ధరలోన”. బళ్లో అభ్యాసం అని చెప్పారు. నాకిప్పుడు పనిముట్టే అనిపిస్తోంది.

— ముందు ఆ “మ్ము” తీసేయండి. ఇది ఆటవెలది పాదం. సాధ, నమున, పనులు: మూడు సూర్యగణాలు. సమకూరు, ధరలోన: రెండు ఇంద్రగణాలు. మీరన్నట్టు చదివితే చివర్న ఒక “న” మిగిలిపోతుంది.

— ఛందస్సు సరే మాస్టారూ, ఆయన అడిగింది అర్థం. అనగననగ, తినగతినగ అన్నాక మూడోదీ అభ్యాసమే. ఇందులో చర్చేముంది?

— ఎందుకు లేదు? అభ్యాసమైతే సాధన అంటాం. “సంగీత సాధనం” అంటే వీణో, మృదంగమో.

— అది ఇప్పటి వాడుక. సంస్కృతంలో సాధించడమూ సాధనమే, దేంతో సాధిస్తామో అదీ సాధనమే. వేమన దగ్గర పేపరు తెలుగు వెతక్కండి.

— నా థియరీ వినండి. విశ్వదాభిరామలోని అభిరాముడు కంసాలి అని కథ ఉంది కదా. కంసాలితో స్నేహం చేసినవాడికి సాధనం అనగానే సుత్తి, శ్రావణం (పట్టకారు) గుర్తురావూ?

— ఆ కథ మీద అర్థం నిలబెట్టడం ఇసుకలో మేకు దిగ్గొట్టడమే. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. ఇన్నేళ్లయినా అభిరాముడెవరో తేలలేదు.

— వేమన సంగతి మీరు చూసుకోండి, నాకు పిడి దగ్గరే డౌటు. మా కరీంనగర్‌ వైపు చిత్రికను రంద అంటరు. మా తాత రందకు “మూఠ” అనేటోడు.

— పిడికిలిలో ఇమిడితే పిడి, రెండు చేతులా పట్టేది కామ. గొడ్డలికి కామ, కత్తికి పిడి. అంతే తేడా.

— మరి సుత్తికి? ఒంటి చేత్తోనే కొడతాం, కామ అనే అంటాం.

— పద్యం పక్కన పెట్టి ఒక మాట. కర్ర నార ముందు నుంచి వెనక్కి, చిత్రిక అడుగుకి సమాంతరంగా పోవాలి. నిలువుగా పెడితే కొమ్ము మళ్లీ అక్కడే పుటుక్కుమంటుంది. పిడిని బిగించే పొడుగు బోల్టుకి బెజ్జం మాత్రం ఒంపులు చెక్కకముందే, చెక్క చదరంగా ఉండగానే వేసుకోండి.

— థాంక్సండీ. రెండోది నిలువు నారతోనే చెక్కాను, మళ్లీ మొదలు. ఇంతకీ పనిముట్టా, అభ్యాసమా?

— రెండూ అని చెప్పానుగా.

— అభ్యాసమే.

— సుత్తి సంగతి ఎవరూ చెప్పలేదు.