52 ఏళ్ల వయసులో వీణ: పంచరత్నాల దాకా వెళ్లగలనా?

అడిగినవారు: తణుకు సారణి

నమస్కారమండీ. మాది తణుకు. ఇంటి ముందు గదిలో టైలరింగ్ చేస్తాను. వయసు 52.

వీణ నేర్చుకోవాలని చిన్నప్పటి నుంచీ కోరిక. ఇంట్లో అడిగితే ముందు టెన్త్ గట్టెక్కమన్నారు. ఆ తర్వాత పెళ్లి, పిల్లలు, మా అత్తగారు మంచం పట్టడం. ప్రతి ఏడాదీ "వచ్చే ఏడు చూద్దాం" అనుకుంటూనే వచ్చాను. పెద్దమ్మాయి పెళ్లయ్యాక చీటీ డబ్బుతో ఒక పాత వీణ కొని, మా ఊళ్లోనే ఒక టీచరుగారి దగ్గర చేరాను. నాతోపాటు కూర్చునేవాళ్లు మూడో క్లాసు, నాలుగో క్లాసు పిల్లలు. వాళ్లు నన్ను ఆంటీ అంటారు, పాఠం మాత్రం అందరికీ ఒకటే.

సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు అయ్యాయి. మలహరి గీతాలు వచ్చాయి. బిలహరి స్వరజతి తడుముకోకుండా వాయిస్తాను. తర్వాతి పాఠం, మోహన రాగంలో వర్ణం, అక్కడ ఆగిపోయాను. గమకం కోసం, అంటే స్వరాన్ని ఊపి పలికించడానికి, తీగ లాగితే పైస్వరం దాకా వెళ్లదు, బలంగా లాగితే దాటిపోతుంది. మూడో కాలంలో, అంటే బాగా వేగంగా వాయించేటప్పుడు, చెయ్యి తడబడుతుంది. పక్కనున్న పిల్ల అదే ముక్కని చులాగ్గా వాయించేస్తుంటే నాకు ఏడుపొస్తుంది. దానికి తోడు వీణ మీద తీగ నొక్కే మెట్లలో, మధ్యలో రెండు చోట్ల గరగరమంటోంది.

నా కోరిక ఒక్కటే. మా ఊరి గుళ్లో త్యాగరాజ ఆరాధన రోజున గోష్ఠిగానం జరుగుతుంది, అందరూ కలిసి కూర్చుని పాడతారు. అందులో వీణతో కూర్చుని త్యాగరాజస్వామి పంచరత్న కృతులు అయిదూ వాయించాలి. కచేరీలు చెయ్యాలని లేదు. ఇంట్లోవాళ్లు మంచివాళ్లే, కానీ "ఈ వయసులో వేళ్లు వంగవు, కీబోర్డు కొనుక్కో" అంటున్నారు. 60 ఏళ్లలోపు నాకిది సాధ్యమా? మెప్పు కోసం అడగడం లేదు, ఉన్నమాట చెప్పండి.

జవాబు: విజయనగరం మూడో కాలం

అమ్మా, ఉన్నదున్నట్టు చెప్పమన్నావు కాబట్టి చెబుతాను. సాధ్యమే. నేను వీణ పాఠాలు చెప్పి రిటైరయినదాన్ని. పెద్దవయసులో చేరి కృతుల దాకా వచ్చినవాళ్లను చూశాను, మధ్యలో మానేసినవాళ్లనూ చూశాను. మానేసినవాళ్లలో చాలామంది నువ్వు ఆగిన చోటే, వర్ణం దగ్గరే మానేశారు. గీతాల దాకా మెట్టు మీద వేలు పెట్టి మీటితే స్వరం అదే పలుకుతుంది. వర్ణంలో స్వరాన్ని మనమే తెప్పించాలి. అంటే నీకిప్పుడు అసలు వీణ మొదలైంది.

గమకానికి ఒక సాధన చెబుతాను. ధైవతం మెట్టు మీద ధైవతాన్ని మీటి బాగా విను. ఆ ధ్వని చెవిలో ఉండగానే పంచమం మెట్టు మీదికి వచ్చి, తీగ లాగి అదే ధైవతాన్ని తెప్పించు. రెండూ ఒకటయ్యేదాకా అదే పని. తర్వాత రిషభం మెట్టు మీద నుంచి గాంధారం తెప్పించు. రోజూ పాఠానికి ముందు ఇదే చెయ్యి. వేలి కొసతో గుంజకు, ముంజేయి కూడా కలిసి రావాలి. లాగే ముందు ఆ స్వరాన్ని నోటితో పాడు. గొంతు బాగుండక్కర్లేదు, స్వరస్థానం సరిగ్గా ఉంటే చాలు. పాడలేనిది వేలితో వెతుక్కోవలసి వస్తుంది, అందుకే తగ్గడమో దాటిపోవడమో జరుగుతోంది.

ఇక మూడో కాలం. అది మొదటి కాలానికి నాలుగింతలు. నువ్వు మొదటి కాలాన్నే కాస్త చురుగ్గా మొదలుపెడుతున్నావని నా అనుమానం. అలా మొదలుపెడితే మూడో కాలం ఎవరి చేతికీ అందదు. ఫోన్లో తాళం యాప్ పెట్టుకుని మొదటి కాలాన్ని విసుగొచ్చేంత నిదానంగా వాయించు. చూసేవాళ్లకి ఇంకా సరళి దగ్గరే ఉందనిపిస్తుంది, అనిపించనీ. పక్కనున్న పిల్లతో పోల్చుకోకు. పిల్లల వేళ్లు తొందరగా తిరుగుతాయి, నిజమే. కానీ ఒకే ముక్కని గంటసేపు పట్టుకుని కూర్చునే ఓపిక వాళ్లకి ఉండదు. మిషన్ మీద రోజంతా కూర్చుని కుట్టినదానివి, నీకు ఉంటుంది.

పంచరత్నాల సంగతి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఈ అయిదు రాగాల్లోవి. అన్నీ ఆది తాళమే. వర్ణం బాగా వస్తే వీటి నడక కొత్తగా అనిపించదు, ఎందుకంటే చరణాలు స్వరంగా పాడి, అదే స్వరానికి సాహిత్యం పాడతారు. నాటలోది సంస్కృతం, మిగతా నాలుగూ మన తెలుగే. ఇది నీకు పెద్ద సాయం. వీణ మీద మీటు సాహిత్యంలో అక్షరం పడ్డ చోట పడాలి. భాష రానివాళ్లు ఆ అక్షరాలు కంఠతా పట్టాలి, నీకు మాట అర్థమవుతుంది కాబట్టి ఎక్కడ విరగాలో చెవికే తెలుస్తుంది. కుట్టుపని చేసుకుంటూ ఆ సాహిత్యం ఇప్పటి నుంచే నోటికి తెచ్చుకో. వాయించడం తర్వాత వస్తుంది.

అయిదూ ఒకేసారి మొదలుపెట్టొద్దు. నేనైతే ముందు శ్రీరాగం చెబుతాను. చాలామందికి ఆ వరుస చెవికి అలవాటై ఉంటుంది. తర్వాత ఆరభి. వరాళిని గురువు శిష్యుడికి నేరుగా చెబితే ఇద్దరికీ చెడుతుందని పాత నమ్మకం ఒకటుంది. మీ టీచరుగారు ఆ పట్టింపు ఉన్నవారైతే నొచ్చుకోకు, విని నేర్చుకోమంటారు, అంతే.

గోష్ఠిలో అయిదూ వచ్చాకే కూర్చోవాలని ఎక్కడా లేదు. ఒక్కటి వస్తే ఆ ఒక్కటి వాయించి, మిగతావి విను.

జవాబు: బొబ్బిలి పనస

అక్కా, మాది బొబ్బిలి దగ్గర. వీణల పని చేసే ఇల్లు. ఆ గరగర గురించి చెబుతాను. మీ చేతిలో లోపం అనుకుంటున్నారేమో, చాలావరకు వీణదే అయ్యుంటుంది.

మెట్లు కూర్చునేది మైనం మీద. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి వేస్తారు. పాత వీణ, అందులోనూ మన ఎండలు. మైనం మెత్తబడి ఒక మెట్టు కాస్త దిగితే, మీరు దాని మీద నొక్కినప్పుడు తీగ పక్క మెట్టుకి తగిలి గరగరమంటుంది. స్వరస్థానం కూడా కొంచెం జరుగుతుంది. ఇప్పుడు మేడమ్ చెప్పిన ధైవతం సాధన ఈ మెట్ల మీద చేస్తే తప్పు ధైవతమే చెవికి అలవాటవుతుంది. అందుకే ముందు మెట్లు సరి చేయించండి. 24 మెట్లూ తీసి కొత్త మైనం వేసి, ఒక్కో స్వరం విని కూర్చోబెట్టాలి. చెవి బాగున్న పనివాడు చెయ్యాల్సిన పని, ఊళ్లో గిటార్ బాగుచేసేవాళ్లకి ఇవ్వకండి. మీకు నూజివీడు దగ్గర. అక్కడా వీణలు చేసేవాళ్లున్నారు, బొబ్బిలి దాకా రానక్కర్లేదు.

కిటికీ పక్కన, ఎండ పడే గోడకి వీణ ఆనించొద్దు. వాయించాక పొడిగుడ్డతో తీగలు తుడవండి, చెమటకి ఉక్కు తీగ తుప్పు పడుతుంది. సారణి తీగ, అంటే ఎక్కువగా వాయించే మొదటి తీగ, ఎప్పుడు మార్చారో తెలియకపోతే ఇప్పుడే మార్చేయండి. తుప్పు తీగ మీద గమకం లాగితే వేలు కోసుకుంటుంది, సాఫీగా జరగదు కూడా.

ఇంకో మాట. వీణ కుండ, దండి ఒకే మానులో చెక్కినదా, అతికినదా చూడండి. ఒకే పనస మొద్దులో చెక్కినదాన్ని ఏకాండి వీణ అంటాం. అదైతే ఎంత పాతదైనా పారెయ్యకండి. చెక్క ఎండేకొద్దీ నాదం బాగవుతుంది.

జవాబు: న్యూజెర్సీ నుంచి

అండీ, నేను 45 దాటాక మొదలుపెట్టాను. వీకెండ్‌లో వీడియో కాల్ పాఠం. మోకాళ్ల నొప్పి వల్ల బాసింపట్టు వేసుకుని ఎక్కువసేపు కూర్చోలేను. వీణని స్టాండ్ మీద పెట్టి కుర్చీలో కూర్చుని వాయిస్తాను. మీకు నడుము, మోకాళ్ల ఇబ్బంది ఉంటే మొహమాటపడకండి. రోజంతా మిషన్ దగ్గర వంగి పనిచేసేవాళ్లకి ఇది ముఖ్యం. ఎడమ వేళ్లకి చుక్క కొబ్బరినూనె రాసుకుంటే తీగ మీద జారుతుంది.

మీరు ఆరాధన అన్నారు కాబట్టి గాయని బెంగళూరు నాగరత్నమ్మ గారి గురించి చెప్పాలనిపించింది. 1878లో పుట్టారు. తమిళనాడులోని తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి పాడుబడి ఉంటే, 1920ల్లో తన సొంత సంపాదనతో గుడి కట్టించారు. అంత చేసినా అప్పట్లో ఆరాధనలో ఆడవాళ్లని పాడనిచ్చేవారు కాదు. ఆవిడ విడిగా ఆడవాళ్ల బృందాన్ని కూర్చి ఏటా ఆరాధన జరిపించారు. 1940 ప్రాంతంలో గానీ, విడివిడిగా ఆరాధన జరిపే వర్గాలన్నీ కలిసి ఒకే ఆరాధన చెయ్యలేదు. అప్పటికి ఆవిడకి 60 దాటింది. 1952లో పోయాక ఆవిడ సమాధిని కూడా స్వామి సమాధికి ఎదురుగానే కట్టారు. ఈరోజు గోష్ఠిలో మగవాళ్లతో సమానంగా కూర్చుంటున్నామంటే అందులో ఆవిడ పట్టుదల ఉంది. ఆ చోటు మీదీ. వయసు పేరు చెప్పి వదులుకోకండి, కీబోర్డు అసలే వద్దు. కీ నొక్కితే గమకం రాదు, పంచరత్నాలంటేనే గమకం.

తణుకు సారణి

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. చదివి మా ఆయనకి కూడా వినిపించాను. ఏమీ అనలేదు గానీ, నూజివీడుకి బస్సులో వీణ ఎలా తీసుకెళ్తావని అడిగారు. తమ్ముడూ, వీణ ఒకే మానుదే, ఎక్కడా అతుకు లేదు. మా పెద్దమ్మాయి చేత టార్చి వేయించి చూపించుకున్నాను. ఆరో మెట్టు, ఏడో మెట్టు దిగినట్టే ఉన్నాయి.

మేడమ్, ఒక సందేహం. మా ఊరి గోష్ఠిలో పాడేవాళ్ల శృతికి నా వీణ కలుస్తుందా? తరగతిలో మూడు కట్టైకి (కట్టై అంటే శృతి కొలత) పెడతాం.

విజయనగరం మూడో కాలం

మంచి ప్రశ్న. కలవకపోవచ్చు. గోష్ఠిలో మగవాళ్లు ఎక్కువుంటే శృతి బాగా కింద ఉంటుంది. ఈసారి ఆరాధనకి ఉత్త చేతులతో వెళ్లి, తంబూరా ఏ శృతికి పెట్టారో కనుక్కుని రా. మరీ తక్కువైతే తీగలు వదులై నాదం చస్తుంది. అప్పుడు కొంచెం లావు తీగ వేయించుకోవాలి. మెట్లు కట్టించడానికి వెళ్లినప్పుడే ఆ పనివాడితో ఈ సంగతి చెప్పు. ఈలోపు శ్రీరాగం సాహిత్యం మొదలుపెట్టు, వర్ణం ఆపకుండా.